చావింటి నుంచి రాని బ్యాటరీ

మా ఆయన గురక పెడితే ఎదురింటి కుక్క లేచి కూర్చునేది. నా మాట కాదిది, ఆ కుక్కను పెంచుకున్న ఎదురింటాయనే చెప్పాడు. స్కూలు వ్యాను నడుపుతాడాయన. పొద్దున్నే వ్యాను తుడుచుకుంటూ "అన్నా, రాత్రి నీ రైలు మా ఇంట్లకెళ్లి పోయింది" అని ఆటపట్టించేవాడు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో బోగీల లైట్లు, ఫ్యాన్లు, బ్యాటరీలు చూసి చూసి రిటైరైన మనిషి కాబట్టి మా ఆయన ఆ మాటకు నవ్వేవాడు. నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు. గురకతో నాకెన్నడూ తగాదా లేదు. నా భయమంతా అది ఆగినప్పుడే. మంచిగా నడుస్తున్న గురక ఉన్నట్టుండి తెగిపోయేది. ఛాతీ లేస్తుంది, పడుతుంది, ముక్కులోంచి గాలి మాత్రం రాదు. భుజం పట్టి కుదిపితే, నీళ్లలోంచి తల పైకెత్తినట్టు ఒక్కసారిగా గాలి పీల్చుకునేవాడు. పొద్దున అడిగితే "నేనా? మంచిగనే పండుకున్న కదనే" అనేవాడు.

ఒంటినిండా వైర్లు అంటించి ఒక రాత్రి పడుకోబెట్టి పరీక్ష చేశాక డాక్టరమ్మ నన్ను కూడా లోపలికి పిలిచింది. నిద్రలో ఊపిరి ఆగిపోతోందని, ఆగినప్పుడల్లా దెబ్బ గుండె మీద పడుతోందని, ఆ గుండె ఇప్పటికే అలిసిపోయి ఉందని చెప్పింది. రాత్రిపూట గాలి తోసే మిషన్ ఒకటి రాసిచ్చింది. అది లేకుండా కన్ను కూడా మూయొద్దంది. టిఫిన్ డబ్బా అంత మిషన్, దానికో పైపు, ముక్కుకు పెట్టుకునే మాస్కు. "ఏనుగు తొండమే! పెండ్లాం ముందర పెట్టుకోవాలన్నా సిగ్గయితుంది" అన్నాడు మొదటి రోజు. వారం తిరగక ముందే ఆ తొండం లేనిదే మంచమెక్కనన్నాడు. ఆయన ముఖంలో వాపు తగ్గింది. నేను కూడా ఎన్నో ఏళ్లకు తెల్లారేదాకా నిద్రపోయాను.

చిక్కంతా కరెంటుతోనే. మౌలాలిలో మా గల్లీ సంగతి తెలిసిందే, గుట్ట మీద నుంచి నాలుగు గాలులు దిగితే చాలు, కరెంటు పోతుంది. మాస్కు ముఖానికుండగా మిషన్ ఆగితే ఉక్కిరిబిక్కిరై లేచేవాడు. అందుకని ఇన్వర్టరు, పెద్ద బ్యాటరీ తెచ్చి తన చేత్తోనే బిగించుకున్నాడు. వర్క్‌షాపు బుద్ధి ఎక్కడికి పోతుంది? దానికి నీళ్లు పోయడం, కొనలకు వ్యాజిలిన్ రాయడం, పాత బనియన్‌తో తుడవడం, అబ్బో! కరెంటు ఎక్కువ తాగుతుందని మిషన్‌లో నీళ్లు వేడిచేసే మీట కూడా ఆపేశాడు. ఎండాకాలంలో ఉడికి చచ్చినా దాని మీద ఫ్యాన్ వేయనిచ్చేవాడు కాదు. "నిండుగ ఉంటే రెండు రాత్రులు నా పానానికి ఢోకా లేదు" అని దాన్ని తట్టేవాడు. "బ్యాటరీకి చేసిన సేవ నాకెన్నడన్న చేసినవా?" అని నేను సతాయించేదాన్ని.

ఆ ఎండాకాలం మా అమ్మాయి కాన్పుకు వచ్చి ఉంది. అంతకుముందు ఒకసారి కడుపు నిలిచి, ఐదో నెలలో పోయింది. అందుకే ఈసారి దాని మీద ఈగ వాలనిచ్చేవాడు కాదు మా ఆయన. గుమ్మానికి నిమ్మకాయలు కట్టడం, గ్రహణమని తలుపులు మూయడం, చెప్పకూడదు కానీ పిచ్చి ముదిరింది ఆయనకు.

అట్లాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం ఎదురింటాయన తల్లి పోయింది. పెద్దప్రాణం, చాలా కాలంగా మంచంలోనే ఉంది. కూతురు షోలాపూర్ నుంచి వచ్చి ముఖం చూడాలని ఆమెను ఫ్రీజర్ బాక్సులో పెట్టారు. పెట్టిన కాసేపటికే దుమ్ము లేచింది, గాలివాన కొట్టింది, కరెంటు పోయింది. ఎదురింటాయన తడిసి ముద్దయి మా గేటు బయటే నిలబడ్డాడు.

"అన్నా, చెల్లె వచ్చేటాల్లకు అమ్మ ఖరాబైతదేమో. జెర నీ బ్యాటరీ..." అని ఏడ్చాడు.

"వైరు లాగు. బ్యాటరీ ఈడనే ఉండనీ" అన్నాను నేను మా ఆయనతో.

"చావింటికి మనింట్లకెళ్లి వైరు కలుపుతరా? ఇంట్ల కడుపుతోని ఉన్న పిల్లను పెట్టుకొని ఏం మాటలే అవి" అని కసిరాడు. అప్పటికప్పుడు ఇన్వర్టరు, బ్యాటరీ విప్పి చక్రాల బండి మీద పెట్టించాడు. ఎట్ల బిగించాలో గేటు ఇవతల నుంచే కేకేసి చెప్పాడు. పొద్దుగూకేసరికి కరెంటు వచ్చింది. కూతురూ వచ్చింది, తల్లి ముఖం చూసుకుంది. మరునాడు తీసుకుపోయారు. అంతవరకూ నాకు ఏ బాధా లేదు. ఇవ్వకపోతేనే బాధపడేదాన్ని.

స్మశానం నుంచి వచ్చిన సాయంత్రమే ఎదురింటాయన గుండుతో గేటు దగ్గరికి వచ్చాడు. "అన్నా, నీ బ్యాటరీ దెస్తున్న" అన్నాడు.

"ఇప్పుడొద్దు తమ్మీ. దినాలు కానియ్యి. మైలింట్ల సామాను ఇప్పుడు ఇంట్లకు రావద్దు. జెర చార్జింగ్ పెట్టి ఉంచు, చాలు" అన్నాడు మా ఆయన.

మా వైపు ఆ పట్టింపు ఉన్నదే. చావు జరిగిన ఇంటి నుంచి కర్మలు పూర్తయ్యేదాకా చెంబు కూడా ఇవతలికి తెచ్చుకోరు. కానీ చెంబు వేరు, ఊపిరి వేరు కదా! "పసుపు నీళ్లు చల్లి తెచ్చుకుందాం. పోనీ వరండాలో పెడదాం" అన్నాను. వినలేదు. కరెంటు ఉంది కదా, మిషన్ నడుస్తోంది కదా అన్నాడు. రెండు రోజులు నిజంగానే నడిచింది.

మూడో రోజు సాయంత్రం మళ్లీ గాలివాన. ఈసారి చెట్టు కూలి తీగల మీద పడింది, ట్రాన్స్‌ఫార్మర్ కాలిన వాసన గల్లీ అంతా కమ్ముకుంది. లైన్‌మన్‌కు ఫోన్ చేస్తే రేపటిదాకా ఆశ పెట్టుకోవద్దన్నాడు. బ్యాటరీ దుకాణాలు వానకు షట్టర్లు దించేశాయి. ఏ.ఎస్. రావు నగర్‌లో మా అక్క ఇంట్లో కరెంటు ఉందని తెలిసి "అక్కడికి పోదాం పా" అన్నాను.

"నెలలు నిండిన పిల్లను ఆటోల కుదిపేసుకుంట తీస్కపోతవా? ఒక్కదాన్ని ఇడిసిపెట్టి పోతవా? నేనొక్కన్నే పోతే, రాత్రి నొప్పులొస్తే ఎట్ల?" అన్నాడు.

"అయితే నేనే పోయి బ్యాటరీ తెస్తా" అని చెప్పులు వేసుకున్నాను.

చటుక్కున నా చెయ్యి పట్టుకుని తన నెత్తిన పెట్టుకున్నాడు. "ఆ గడప తొక్కి అది దెస్తే నా మీద ఒట్టు."

"నాన్నా, నాకేం గాదు. నాకు గిసొంటి నమ్మకాల్లేవు. తెచ్చుకో నాన్నా" అని మా అమ్మాయి కూడా బతిమాలింది, కళ్లనీళ్లు పెట్టుకుంది.

"నీకు లేకుంటే నాకున్నయి బిడ్డా. ఒకసారి చూసినం, మల్ల చూసే ఓపిక లేదు నాకు" అన్నాడు. నేను చెప్పులు విడిచేశాను. ఎంత మొండిమనిషంటే, తన ఒట్టును తానే అడ్డం పెట్టి తన ఊపిరికి తలుపు వేసుకున్నాడు. నాకు ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు. మైలంట మైల! కరెంటుకు మైలేమిటి? ముప్పై ఏళ్లు బ్యాటరీలు విప్పి బిగించిన మనిషికి నేనా చెప్పాల్సింది?

ఆ రాత్రి కుర్చీలో కూర్చోబెట్టి పడుకోనివ్వకుండా కబుర్లలో పెట్టాను. చిన్నప్పటి మాటలు, పెళ్లినాటి గొడవలు, ఆయన వర్క్‌షాపు ముచ్చట్లు, నాకు తెలిసినవన్నీ మళ్లీ అడిగాను. కునుకు పడితే చాలు, గిచ్చేదాన్ని. "పోలీసోళ్లు నయం నీకంటె" అని విసుక్కునేవాడు. కాకులు లేచాయి, పాలవాడు వచ్చాడు, వాకిట్లో వెలుతురొచ్చింది. గండం గడిచిందనుకున్నాం ఇద్దరమూ. "పో, చాయ్ పెట్టు. ఇగ తెల్లారింది కద" అన్నాడు. గిన్నె పొయ్యి మీద పెట్టాను. లోపలి నుంచి గురక వినిపించింది, హాయిగా, పెద్దగా. చాయ్ పొంగుకొచ్చేసరికి ఆగింది. గిన్నె అట్లాగే వదిలి పరుగెత్తాను. కుదిపాను, గిచ్చాను, చెంప మీద కొట్టాను. ఆయన మాత్రం గాలి పీల్చుకోలేదు.

అంబులెన్సు వచ్చింది, ఉత్తదే తిరిగి పోయింది. ఆయన అక్క విజయవాడ నుంచి రావాలి. బంధువులెవరో ఫ్రీజర్ బాక్సు తెప్పించి ఆయనను అందులో పెట్టారు. పెట్టాక గుర్తొచ్చింది, కరెంటు లేదు. అందరూ ఫోన్లు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నారు.

అప్పుడు గేటు చప్పుడైంది. ఎదురింటాయన గుండుతో, అదే చక్రాల బండి తోసుకుంటూ వచ్చాడు. దాని మీద మా ఇన్వర్టరు, మా బ్యాటరీ. ఈసారి బయట ఆగలేదు, గడప దాటి నేరుగా లోపలికొచ్చాడు. ఎవరూ వద్దనలేదు. మూలన కూర్చున్న పెద్దామె ఒకామె "రానియ్యుండ్రి, ఈ ఇల్లు సుత మైలే కద ఇప్పుడు" అంది.

"రాత్రి ఎందుకు తేలేదయ్యా" అని అరిచాను. నాకు తెలుసు ఎందుకో. అయినా అరిచాను.

"గేటు దాంక తెచ్చిన వదినా, నువ్వు వంటింట్ల ఉన్నట్టున్నవు. అన్న కిటికీలకెళ్లి చూసి, వద్దని చెయ్యి ఊపిండు." వంగి వైర్లు బిగించాడు. "నిండుగ ఉన్నది వదినా. రాత్రి ఉక్కకు పిల్లలు ఏడ్సినా మేం ఫ్యాన్ సుత ఎయ్యలే. అన్న పానం గిందులనే ఉన్నది, ముట్టొద్దని చెప్పిన."

మీట నొక్కాడు. బాక్సు గుయ్యిమంది. మధ్యాహ్నం కరెంటు వచ్చేదాకా ఆ బ్యాటరీ ఒక్కసారి కూడా ఆగలేదు.