బెంచీ మీద సూర్యావతి

కూర్చోవడం కూడా ఒక పనే అంటే నవ్వేవాళ్ళుంటారు. నవ్వనివ్వండి. భిలాయి స్టీల్ ప్లాంటు ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టులో సూర్యావతి ఆ పని ఉద్యోగంలో చేరిన నాటి నుంచి మోకాళ్ళు మొరాయించే దాకా చేసింది. ఆటగాళ్ళ కోటాలో ఉద్యోగం ఇచ్చారు గనక ఆమె ఆటగత్తె అని ప్లాంటు ఒప్పుకుంది. లోకం మాత్రం అంత తొందరగా ఒప్పుకోలేదు. మొగుడు దుర్గారావు దగ్గర్లోని నందిని ఊరి సున్నపురాయి గనుల్లో పనిచేసేవాడు. పెళ్ళయిన కొత్తలో ముచ్చటపడి మ్యాచి చూడ్డానికొచ్చి, పెళ్ళాం ఎక్కడుందా అని కోర్టంతా కలియజూసి, చివరికి తువ్వాళ్ళ గుట్ట వెనక కనిపెట్టాడు. రిటైరై కూర్చున్నాక కూడా ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ ఆయన ఆ ముక్క చెప్పందే కాఫీ ఇవ్వనివ్వడు.

ఈ వేసవిలో ఓ సాయంత్రం రజనీకుమారి సూర్యావతి క్వార్టర్‌కి వచ్చింది. ఆ రోజుల్లో జట్టుకి ప్రాణం రజని. ఆమె బంతి అందుకుంటే సెక్టార్ వన్ కోర్టు చుట్టూ ఉన్న జనం కూర్చున్నచోట కూర్చోలేకపోయేవారు. ఆమె అలిసిపోయినప్పుడు లోపలికి వెళ్ళేది సూర్యావతి. ఆమె కాస్త ఊపిరి పీల్చుకోగానే బయటికి వచ్చేసేదీ సూర్యావతే. ఇప్పుడు రజని కొత్త లీగులో ఆడే శివనాథ్ క్వీన్స్ అనే ప్రొఫెషనల్ జట్టుకి కోచ్. పోయిన సీజన్లో వాళ్ళు ప్రతి ఆటలో మూడు భాగాలు ముందుండి, నాలుగో భాగంలో చేతులెత్తేసేవారు. మళ్ళీ సీజను దీపావళి దాటాకే. జట్టుకి మాట్లు వేసుకోవాలంటే ఈ వేసవే అదను.

"మొదటి అయిదుగురూ బంగారమేనే సూర్యా," అంది రజని కుర్చీలో కూలబడి. "ఆళ్ళు అలిసిపోతే ఎనక ఎవులున్నారు? ఎవులూ నేరు. నాకు బెంచీ కావాలి."

ఆ బెంచీకి ఆమె మనసులో అనుకున్న పిల్ల భాగ్యరేఖ. ఊరి పక్క జాముల్‌లో ఉంటారు, తండ్రి సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని. నిరుటి దాకా మొదటి అయిదుగురిలో ఆడింది. మోకాలికి ఆపరేషనయ్యాక కాసేపు నిప్పులా ఆడుతుంది, తరవాత కుంటుతుంది. ఆమె చోటులోకి ఒక కొత్త పిల్లని తీసుకున్నారు. నువ్వు బెంచీ మీదుండి, వాళ్ళు అలిసినప్పుడు దిగమ్మా అంటే, భాగ్యరేఖ ఆటే మానేస్తానంది. మోకాలు కోసిన పిల్లని ఇంకో జట్టు తీసుకోదు. ఆదివారం సాయంత్రానికి లీగు వాళ్ళకి పేర్లు పంపాలి. ఆ లోపల ఒప్పుకోకపోతే ఆ పిల్ల ఆట అక్కడితో సరి.

"నేనేటి సెప్పగల్నే?"

"కూకోడం గురించి నీకన్నా ఎవులికి తెలుసు?"

మెచ్చుకోలుగానే అంది పాపం. సూర్యావతికి మాత్రం ముల్లు గుచ్చుకున్నట్టయింది. లోపలి గదిలోంచి దుర్గారావు నవ్వు వినిపించింది.

అయినా వెళ్ళింది. మంచి మాట వట్టి చేతుల్తో చెప్పకూడదని పులిహోర కలిపి డబ్బాకెత్తి, ఆటో ఎక్కి జాముల్ వెళ్ళింది. భాగ్యరేఖ మోకాలి మీద ఐసు పెట్టుకుని గోడకి చేరగిలబడి ఉంది. ఆ పిల్ల భిలాయిలోనే పుట్టింది, తెలుగు కన్నా హిందీయే ముందు నోటికొస్తుంది.

"నేనూ అన్నేళ్ళు బెంచీ మీదే కూకున్నానమ్మా," అంది సూర్యావతి. "నాకేటయిందని? ఉద్యోగం సేసినాను, పిల్లల్ని సదివించినాను, నీ ముందర గుండ్రాయిలాగున్నాను."

ఆ పిల్ల తలెత్తలేదు. "ఆంటీ, బురా మత్ మాన్‌నా, ఏమనుకోవద్దు. మీలాగ అవకూడదనే నేను మానేస్తన్నాను."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ తల్లి హైమవతి అదిరిపడింది. "ఒలే! పెద్దంతరం సిన్నంతరం నేదేటే నీకు?"

"పోనీ ఒదినా, పిల్లది," అంది సూర్యావతి. పులిహోర డబ్బా అక్కడే వదిలేసి, ఖాళీ చేశాక ఇద్దురుగాని లెమ్మని చెప్పి బయటపడింది. ఆటోలో కూర్చున్నాక కళ్ళు మండాయి. సిమెంటు దుమ్మని సర్దిచెప్పుకుందామంటే కుదరలేదు. పిల్ల అన్న మాట అబద్ధమైతే అంత నొప్పి పుట్టదు కదా. ఆమెకి కూడా ఎన్నోసార్లు అనిపించింది, తన ఆట ఎవరికైనా పనికొచ్చిందా, లేక పాపం సూర్యావతి అనుకుని ఓ పక్కన కూర్చోబెట్టారా అని. అడగడానికి భయమేసి ఎవరినీ అడగలేదు.

ఇల్లు చేరి ముందు వరండాలో కూర్చుంది. ప్లాంటు వైపు నుంచి షిఫ్టు మారే కూత వినిపించింది. ఆ కూత వింటే ఆమెకి ఇప్పటికీ వాళ్ళ నాన్న గుర్తొస్తాడు.

నాన్న అప్పన్న రాజాం పక్క పల్లె నుంచి వచ్చి కోక్ ఓవెన్లలో చేరాడు. బొగ్గుని కాల్చి కోక్ చేసే ఆ బట్టీలు పండక్కీ పబ్బానికీ కూడా ఆరకూడదు. అందుకని షిఫ్టు అయిపోయినా సరే, తన చోటులోకి వచ్చేవాడు వచ్చి నిలబడితే తప్ప పాతవాడు కదలకూడదు. వచ్చేవాణ్ణి రిలీవర్ అంటారు. నాన్న రిలీవరు బిసాహు, కుమ్హారి నుంచి సైకిలు మీద వచ్చే ఛత్తీస్‌గఢీ మనిషి. వాన పడితే ఆలస్యం, పొలం పనులుంటే ఆలస్యం. అతను రాని రోజున నాన్నకి డబుల్ డ్యూటీ. పిల్లలు ఎర్రదుమ్ము పట్టిన గేటు దగ్గర ఎదురుచూసి ఎదురుచూసి అక్కడే కునుకు తీసేవారు. అమ్మ సింహాచలమ్మ పళ్ళెం మీద పళ్ళెం మూసి, బిసాహు ఏడు తరాలనీ తిట్టిపోసేది.

"తిట్టకే," అనేవాడు నాన్న, బూట్లు విప్పుకుంటూ. "ఆడొచ్చినాడంటేనే నేను ఇంటికొచ్చి నా పిల్లల మొగాలు సూత్తాను. ఆడు నాకన్నా సిన్నోడెలాగవుతాడు?"

వెళ్ళిపోయేవాడు ఊరికే వెళ్ళకూడదు, ఛార్జ్ ఇచ్చి వెళ్ళాలి. ఏ తలుపు దగ్గర మంట చిమ్ముతోంది, ఏ బట్టీ మొండికేస్తోంది, అంతా చెవిలో వేసి మరీ బయల్దేరాలి. సూర్యావతిని మొదటిసారి బెంచీ మీద కూర్చోబెట్టిన రోజున ఆమె ఇంటికొచ్చి అన్నం మానేస్తే, నాన్న పక్కన కూర్చుని, "రిలీవర్ వన్నమాట నువ్వు," అన్నాడు. అంతే, సూర్యావతి లేచి రెండుసార్లు పెట్టించుకుని తింది.

ఆ ఛార్జ్ ఇవ్వడాన్ని జట్టులోకి తెచ్చింది ఆమే. కోర్టులోంచి వచ్చే పిల్ల, లోపలికెళ్ళే పిల్ల చెవిలో ఒక్క ముక్క చెప్పాలి: అవతలి జట్టులో ఎవరు ఎటు పోతున్నారు, ఎవరికి కోపం ముదిరింది. మొదట్లో దాంతో ఓ పెద్ద తప్పు కూడా జరిగింది, స్టీల్ ప్లాంటు పిల్లలు తప్ప మరెవరూ చేయలేని తప్పు. ఛార్జ్ పూర్తిగా ఇవ్వందే చోటు వదలకూడదని రజని కోర్టు మధ్యలోనే నిలబడి చెవిలో చెబుతూ ఉండిపోయింది. ఈలోగా ఆట మొదలైంది. ఆరుగురు ఆడుతున్నారని రిఫరీ ఈల వేసి అవతలి వాళ్ళకి ఫ్రీ త్రో ఇచ్చాడు. ఆరోది సూర్యావతి. ఆ రోజు కోచ్ తిట్టిన తిట్లు అటు పవర్ హౌస్ దాకా వినిపించాయంటారు. ఆ తరవాత నుంచి గీత దాటాకే ఛార్జ్ ఇచ్చుకునేవారు. అది తలచుకుని వరండాలో ఒక్కతీ నవ్వుకుంది. ఎంత బాగుండేవా రోజులు! మళ్ళీ రమ్మంటే మాత్రం వస్తాయా.

ఆదివారం పొద్దున్న రజని జట్టు వేసవి క్యాంపు ముగింపు. ఆ రోజు ప్లాంటు జట్టులో ఆడి రిటైరైన ఆడవాళ్ళు క్యాంపు పిల్లలతో ఓ సరదా మ్యాచి ఆడటం ఆనవాయితీ. సూర్యావతి వెళ్ళకూడదనుకుంది.

"వెళ్ళవోయ్," అన్నాడు దుర్గారావు పేపరు వెనక నుంచి. "అక్కడా కూర్చోడానికేగా."

దానితో పంతం వచ్చి వెళ్ళింది. సెక్టార్ వన్ కోర్టు పక్కన తను కూర్చున్న ఆ పాత ఇనప బెంచీ ఇంకా ఉంది. ఈ కాలం పిల్లలు నేల మీదయినా కూర్చుంటారు గాని దాని మీద కూర్చోరు. దాని మీద కూర్చుంటే కోర్టులో చోటు పోతుందని ఓ నమ్మకం. కిట్టు బ్యాగు తిరిగి ఇచ్చేద్దామని భాగ్యరేఖ కూడా వచ్చింది. బ్యాగు గేటు దగ్గర పడేసి వెళ్ళబోతుంటే, ఆఖరిసారి ఆడి పొమ్మని రజని బలవంతం చేసింది.

అరవైకి దగ్గరపడ్డా రజని రజనే. భాగ్యరేఖకి ఎదురుగా తనే నిలబడింది. కొంతసేపటికి ఆయాసం కమ్మి చెయ్యెత్తింది. గీత దాటి, అలవాటు ప్రకారం సూర్యావతి చెవిలో ఛార్జ్ ఇచ్చింది. "ఆ గుంట కుడికాలు మీద బరువెయ్యట్లేదు. ఎడమకే ఎల్తాది."

సూర్యావతి లోపలికెళ్ళి ఎడమ పక్కన నిలబడింది. భాగ్యరేఖ నేరుగా వచ్చి ఆమె చేతుల్లోనే బంతి పెట్టింది. కోర్టు చుట్టూ ఈలలు. బిత్తరపోయిన పిల్ల, రెండోసారి పళ్ళు బిగించి కుడికాలు గట్టిగా మోపి కుడివైపు నుంచి దూసుకుపోయింది. మూడోసారీ అంతే. నాలుగోసారి ఆమెని ఆపడం మాట అటుంచి చూడటానికి కూడా సూర్యావతికి ఊపిరి చాల్లేదు. గుండె కొలిమి తిత్తిలా ఎగిసి పడుతోంది. కళ్ళ ముందు కోర్టు ఊగింది. చెయ్యెత్తి బెంచీ వైపు చూసింది.

రజని అప్పటికే లేచి నిలబడి ఉంది. తువ్వాలు కింద పడేసి, నువ్వు రా, నేనున్నా అన్నట్టు చూస్తోంది.

సూర్యావతి గీత దాటి, "ఇప్పుడు కుడికీ ఎల్తందే!" అని ఛార్జ్ ఇచ్చి, బెంచీ మీద కూలబడింది. కూలబడి ఏడ్చింది. ఆపుకుందామన్నా ఆగలేదు.

విరామం ఈల పడగానే భాగ్యరేఖ పరిగెత్తుకొచ్చింది. "క్యా హువా ఆంటీ? దెబ్బ తగిలిందా?"

"నేదమ్మా." కొంగుతో మొహం తుడుచుకుంది. "జన్మంతా ఒకలకి బదులు నేను లెగిసినానే గాని, నేను అలిసినానని నాకు బదులు ఎవులూ లెగలేదు. ఇయ్యాల రజని లెగిసింది. ఇంక పడిపోతాననుకున్నప్పుడు, మనకోసం ఒక మనిషి లెగిసి నిలబడ్డం సూత్తే ఎలాగుంటాదో ఇయ్యాలే తెలిసింది. మా నాన్న సెప్తే అప్పుడు సగమే అర్థమయ్యింది."

రజని నడుం పట్టుకుని వచ్చి పక్కన నిలబడింది. "ఇప్పుడు తెలిసిందేటే నీకు? నువ్వక్కడ కూకున్నావన్న ధైర్యంతోనే కదే నేను ఊపిరి దాసుకోకుండా పరిగెత్తినాను. నువ్వు నేకపోతే నేను సగం ఆటే ఆడుదును."

"ఈ ముక్క అప్పుడే సెప్పుంటే నీ సొమ్మేటి పోయీదే?"

"నీకు తెలుసనుకున్నాను," అంది రజని.

భాగ్యరేఖ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి గేటు వైపు నడిచింది. ఆట మళ్ళీ మొదలుపెట్టడానికి ఈల వేశారు. ఆమె చోటులోకి కొత్తగా తీసుకున్న పొడుగు పిల్ల దిగింది. భాగ్యరేఖ వంగి తన బ్యాగు భుజానికెత్తుకోవడం సూర్యావతి చూసింది. పులిహోర పెట్టినా పని కాలేదు, ఏడ్చినా పని కాలేదు, ఇంక తన చేతిలో ఏముందిలే అనుకుని తల తిప్పేసుకుంది.

బెంచీ కింద ఏదో దబ్బున పడింది. చూస్తే కిట్టు బ్యాగు.

"ఆ పిల్ల అప్పుడే రొప్పుతంది," అంది భాగ్యరేఖ కోర్టు మీంచి చూపు తిప్పకుండా. "కాసేపట్లో చెయ్యెత్తుతాది. జరగండి ఆంటీ."

సూర్యావతి జరిగింది.