వెనక సీటు మీద ఖదీజా

చెప్పిన రోజుకి ముర్తుజా బండి తిరిగిచ్చాడన్న మాట మా నరసరావుపేటలో ఎవరి నోటా వినలేదు. శుక్రవారం అంటే ఆదివారం, ఆదివారం అంటే ఆ పై వారం. అయినా అతని ఇంటి ముందు రేకుల పంచలో పాత మోటార్‌సైకిళ్లు ఎప్పుడూ బారుగా నిలబడే ఉంటాయి. అన్నీ చేతులు మారినవే. తలా ఒక చెయ్యి వేసి చెడగొడితే, ఇక దిక్కులేక ఆ పంచకి చేరినవే. కొత్త బండ్ల జోలికి అతను పోడు. ఎవరో అడ్డదిడ్డంగా చేసి వదిలేసిన రిపేర్లు విప్పి, మళ్లీ మొదట్నించీ సరిగ్గా చెయ్యడమే అతని పని.

నా పేరు శేషారత్నం. పల్నాడు రోడ్డులో టిఫిన్ బండి నడుపుతాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని నా ఇడ్లీ తిన్న వాళ్లందరికీ తెలుసు కాబట్టి దాచేదేం లేదు. ముర్తుజా వాళ్లది మా వెనక సందు. నన్ను అక్కా అంటాడు, అతని భార్య ఖదీజా వదినా అంటుంది. ఇన్నేళ్లూ నేను అతన్ని వట్టి నత్తనడక మనిషి కిందే జమకట్టాను. మా అమ్మాయి బండి అతని చేతిలో పడ్డాకే ఆ మనిషి ఎవరో నాకు తెలిసింది.

మా భవిత నకరికల్లు మండలంలో ఒక ఊరి సచివాలయంలో పశువుల అసిస్టెంటు. గేదెలకీ గొర్రెలకీ టీకాలు వేస్తుంది. మందులున్న ఐసు పెట్టె వెనక కట్టుకుని కాలవ కట్టల మీద ఊరూరా తిరగాలి. ఆ గతుకుల్లో స్కూటీ నిలవదని పట్టుబట్టి పాత మోటార్‌సైకిల్ కొనుక్కుంది. కొన్న కొత్తలోనే హ్యాండిల్ ఉన్నట్టుండి వణుకుతోందని చెప్పింది. టౌన్లో ఒకరి తర్వాత ఒకరికి చూపించాం. ప్రతివాడూ ఏదో బిగించి, రోడ్డు చివరిదాకా నడిపి వచ్చి, బండి బంగారం అన్నాడు. చివరివాడైతే, అమ్మాయికి హ్యాండిల్ పట్టుకోవడం చేతకాదని నా మొహం మీదే అన్నాడు. నేనూ నమ్మాను. స్పీడు తగ్గించవే అని రోజూ దాని ప్రాణం తీశాను.

తర్వాత ఒకరోజు కాలవ కట్ట మీద ఆ బండి దానంతట అదే మెలికలు తిరిగి పిల్లని విసిరేసింది. టీకాల పెట్టె నీళ్లలో పడింది. పిల్ల గట్టు అంచున ఆగింది. మోచెయ్యి గీరుకుని ఇంటికొచ్చిన దాన్ని చూసి నా పై ప్రాణాలు పైనే పోయాయి. బండి అమ్మెయ్, ఉద్యోగం మానెయ్ అన్నాను. బండి లేకపోతే ఆ ఉద్యోగం సాగదు. మానను అంది. ఒకే ఇంట్లో ఉండి ఎడమొహం పెడమొహం అయ్యాం. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ముర్తుజా మామ పనికిరాదంటే బండీ ఉద్యోగమూ రెండూ వదిలేస్తుంది. బాగవుతుందంటే నేను నోరు మూసుకోవాలి.

నేనేం తక్కువదాన్నా? భవిత కంటే ముందే అతని పంచలోకి వెళ్లాను.

"తమ్ముడూ, అది పనికిరాదని ఒక్క మాట చెప్పు. నా బిడ్డ ఇంటిపట్టున ఉంటది."

ముర్తుజా చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. "అది నేను చెప్పే మాట కాదక్కా. విప్పినాక బండే చెప్పుద్ది. అమ్మాయిని తీసుకుని రా. నువ్వు కూడా కూర్చో."

అదీ అతని పద్ధతి. బండి వదిలేసి పోతానంటే తీసుకోడు. విప్పేటప్పుడు బండి మనిషి ఎదురుగా ఉండాలి. నేల మీద ఖదీజా పాత చీర పరుస్తాడు. ఇంతకుముందు వాళ్లు బండిలో దూర్చిన ప్రతి అడ్డగోలు ముక్కనీ తీసి, దాని మీద పెడతాడు. నేనూ భవితా చూస్తుండగానే ఆ చీర నిండింది. హ్యాండిల్ కింద బేరింగు వదులైతే కూల్‌డ్రింక్ డబ్బా కత్తిరించి చుట్టినవాడొకడు. ముందు చక్రం ఇరుసుకి పెట్టాల్సిన గొట్టం పారేసి, దొరికిన వాషర్లన్నీ గుచ్చినవాడు ఇంకొకడు. పిన్ను ఉండాల్సిన చోట మేకు వంచి పెట్టినవాడు మరొకడు. నేను ఒక్కొక్కడినీ పేరు తెలియకపోయినా వాడి అమ్మమ్మ దాకా తిట్టాను.

ముర్తుజా మాత్రం ఎవర్నీ తిట్టలేదు. మేకు వేళ్ల మధ్య తిప్పి చూశాడు. ఇది వానలో, రోడ్డు పక్కన చేసినట్టుందక్కా, పాపం వాడికి ఇల్లు చేరితే చాలనిపించిందేమో అన్నాడు. డబ్బా రేకు చూసి, దీన్ని కత్తిరించినవాడిది ఎడంచేతి వాటం, చెయ్యి మంచిదే, సామానే దొరకలేదు అన్నాడు. నేను నోరు తెరుచుకుని వింటున్నాను. నాకు ఇనప ముక్కలు కనపడుతున్న చోట అతనికి మనుషులు కనపడుతున్నారు. ఒక్కొక్కడి తొందర, బీదతనం, బద్ధకం అన్నీ ఆ చీర మీద వాళ్ల వాళ్ల మొహాలతో కూర్చున్నట్టు చెబుతున్నాడు. టిఫిన్ తిన్న ప్లేటు చూసి మనిషిని చెప్పగలనని నాకో గర్వం ఉండేది. అది ఆ పూటతో పోయింది.

ముందు భాగమంతా కొత్తది వేసి బిగించాడు. అంతటితో తాళం చేతికిస్తాడనుకున్నాను. ఇవ్వలేదు. లోపలికి తిరిగి ఖదీజాని పిలిచాడు. ఆవిడ వెల్లుల్లి వలుస్తున్నదల్లా లేచి, దుపట్టా బిగించి కట్టుకుని, అలవాటైన మనిషిలా వెనక సీటెక్కి, మొగుణ్ణి పట్టుకోకుండా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇద్దరూ సందు దాటి కోటప్పకొండ రోడ్డు వైపు వెళ్లిపోయారు. షికారుకి మంచి వేళే చూసుకున్నారని నేను వెటకారం చేశాను.

తిరిగొచ్చి బండి దిగగానే ఖదీజా తల అడ్డంగా ఊపింది. "ఇయ్యొద్దు. ముందు బాగానే ఉంది. వెనక నన్ను పక్కకి నెడతంది."

"చేత్తో ఊపి చూశాగా. గట్టిగానే ఉందే."

"నీ చెయ్యి సంగతి నాకెందుకు? నా నడుం చెప్తంది."

ఇంకో మగాడైతే, నీకేం తెలుసే అనేవాడు. ముర్తుజా స్పానర్లు తీసుకుని మళ్లీ కింద కూర్చున్నాడు.

వెల్లుల్లి మళ్లీ ఒళ్లో పెట్టుకుని ఖదీజా నాకు సంగతి చెప్పింది. పెళ్లైన కొత్తలో ముర్తుజా టౌన్లో ఒక పెద్ద షాపులో పనిచేసేవాడట. యజమాని తొందర పెడితే ఒక బండికి ఏదో అతుకు వేసి పంపించాడు. సాయంత్రం ఇంటికొస్తుంటే అదే బండి ఎదురైంది. దాని మీద మొగుడూ పెళ్లామూ, ట్యాంకు మీద పసిపిల్ల. వాళ్లకి ఏమీ కాలేదు, నవ్వుకుంటూ వెళ్లిపోయారు. కానీ ముర్తుజాకి ఆ రోజు అన్నం సయించలేదు. షాపు మానేసి ఈ పంచలో కూర్చున్నాడు. అప్పటినించీ తన మనిషిని ఎక్కించలేని బండిని ఇంకొకరి మనిషికి ఇవ్వడు. అతని చేతి మీదుగా పోయిన ప్రతి బండి వెనక సీటు మీదా ముందు ఈవిడ కూర్చుంది. ఈవిడ తన ఒంటిని అడ్డం పెట్టి చూశాకే ఈ ఊళ్లో ఎందరో తమ పిల్లల్ని ఎక్కించుకుని తిరుగుతున్నారు. ఈ సంగతి వాళ్లలో ఎంతమందికి తెలుసు? ఆవిడేమో వెల్లుల్లి పొట్టు ఊదుకుంటోంది.

ఇంతలో ముర్తుజా భవితని దగ్గరికి పిలిచాడు. వెనక చక్రాన్ని పట్టుకునే ఇనప చేతుల సందులోనించి నల్లటి ముక్క ఒకటి పీకి, గ్రీజు తుడిచాడు. హవాయి చెప్పు ముక్క. అక్కడ ఉండాల్సిన రబ్బరు బుష్ అరిగిపోతే, ఎవడో చెప్పు కోసి సుత్తితో దిగ్గొట్టాడు. చేత్తో ఊపితే గట్టిగా ఉంటుంది. వెనక బరువు పడితేనే నలిగి, చక్రాన్ని పక్కకి తిప్పుతుంది.

"పెట్టె కట్టినప్పుడే వణికేదా అమ్మా?" అని అడిగాడు.

అవును మామా, ఉత్త బండి ఎప్పుడూ వణకలేదు అంది భవిత.

"ఆళ్లందరూ ఒక్కళ్లే ఎక్కి చూశారు. ఒక్క మనిషికి ఇది తెలవదు." చెప్పు ముక్క తెచ్చి పిల్ల అరచేతిలో పెట్టాడు. "నీ చేతుల్లో తప్పేం లేదమ్మా."

కట్ట మీద పడ్డ రోజు కూడా ఏడవని పిల్ల, గోడ వైపు తిరిగి వెక్కి వెక్కి ఏడ్చింది. ఊళ్లో మెకానిక్కులే కాదు, కన్నతల్లి కూడా నమ్మని మాటని ఆ మనిషి ఒక చెప్పు ముక్కతో నిజమని తేల్చాడు. అతనికి దండం పెట్టాలనిపించింది. పెట్టాను కూడా. అతను కంగారుపడి, ఏందక్కా ఇది, టీ తాగు అన్నాడు.

కొత్త బుష్ గుంటూరు నించి రావాలన్నాడు. ఎప్పటిలాగే చెప్పిన రోజుకి రాలేదు. ఈసారి నేను ఒక్క మాట అనలేదు. వచ్చాక వేసి, ఖదీజాని ఎక్కించుకుని మళ్లీ కోటప్పకొండ రోడ్డెక్కాడు. ఆవిడ దిగి, దుపట్టా సర్దుకుని, ఇప్పుడు ఇవ్వు అంది. అతను తాళం భవిత చేతికిచ్చి నా వైపు చూశాడు. పనికొస్తుందనీ చెప్పలేదు, రాదనీ చెప్పలేదు.

నేను లేచి చీర కుచ్చెళ్లు దోపుకున్నాను. ఏం చేస్తున్నావే అమ్మా అంది భవిత. ఐసు పెట్టె కట్టే చోట కూర్చుని, పద కాలవ కట్ట మీదికి అన్నాను. బరువు సంగతికొస్తే ఆ పెట్టె నా ముందు ఏపాటి? ఖదీజా పడీ పడీ నవ్వింది.

నకరికల్లు దాటాక కట్ట మీద పిల్ల పడ్డ మలుపు వచ్చింది. పక్కనే కాలవ నిండుగా పారుతోంది. భవిత బండి నెమ్మది చేసి, భయమైతే దిగి నడుస్తావా అని అడిగింది. భయంగానే ఉంది. దాని నడుం చుట్టూ వేసిన చేతులు తీసి, ఖదీజా కూర్చున్నట్టే నా ఒళ్లో పెట్టుకున్నాను.

"పోనీయ్" అన్నాను.