పన్నెండో శనివారం అన్నం

కార్తీకం వెళ్ళాక రెండో శనివారం, ఉదయం ఆరూ పది. ఎదురింటామె నల్లనువ్వులు కలిపిన అన్నం విస్తరాకులో పెట్టుకుని వచ్చి, ఎప్పటిలా లోపలికి రాకుండా గేటు బయటే నిలబడింది.

ఆమె భర్త గుండెకు ఆపరేషన్ చేయాలన్నారు. నల్ల కుక్కకు పంతొమ్మిది శనివారాలు అన్నం పెడితే శనిదోషం పోతుందని ఎవరో చెప్పారట. అలిపిరి దగ్గర మా వీధిలో నల్ల కుక్క నాది ఒక్కటే. పదకొండు వారాలు అయ్యాయి. కుక్క ఆమె చేతిలోనే తినేది. అది తిన్నాక దాని తల మీద చేయి పెట్టి, కళ్ళు మూసుకుని ఆయన పేరు చెప్పుకునేది.

"టీచరమ్మా, దాని మూతికి ఏదన్నా కట్టండి. సెల్లులో సూపించినారు. రాట్‌వీలరంట గదా ఇది. మనిసిని పట్టుకుంటే ఇడిసిపెట్టదంట."

"పదకొండు వారాలు నీ చేతిలోదే తినింది గదమ్మా," అన్నాను.

"అప్పుడు నాకు తెలీదు గదా."

కార్పొరేషన్ లైసెన్సు, టీకాల పుస్తకం, మూతికి కట్టే తోలు చిక్కం, అన్నీ ఇంట్లో ఉన్నాయి. చిక్కం అంతవరకు వాడలేదు. వాదించడమెందుకని తెచ్చి కట్టాను. అప్పుడు ఆమె లోపలికి వచ్చి ఆకు నేల మీద పెట్టింది.

కుక్క వాసన చూసింది. నోరు తెరవలేక అన్నాన్ని మూతితో అటూ ఇటూ నెట్టింది. మెతుకులు తోలుకు అంటుకున్నాయి. రెండుసార్లు నా వైపు చూసి, ఆకు పక్కన పడుకుంది.

"ముట్టలేదే," అంది ఆమె.

చిక్కం ఉంటే ఎట్లా తింటుందని విప్పబోయాను. వద్దు వద్దంటూ గేటు దాటిపోయింది. ఆమె పోయాక విప్పితే కుక్క ఆకు నాకేదాకా తినింది. ఆ మాట వెంటనే వెళ్ళి చెప్పవలసింది. సాయంత్రం చెప్పవచ్చులే అనుకున్నాను. మధ్యాహ్నమే వాళ్ళు ఆస్పత్రికి వెళ్ళిపోయారు. బుధవారం ఆపరేషన్. శుక్రవారం ఆయన పోయాడు.

పరామర్శకు వెళితే ఆమె గోడ వైపు తిరిగింది. ఆడబిడ్డ నన్ను వాకిట్లోకి తీసుకొచ్చి, "శనీశ్వరుడు కూడు తోసేసినాడు. ఇంగ మీ కుక్క ఈ ఈదిలో ఉండకూడదు," అంది. చిక్కం విప్పాక తినిందని చెప్పాను. ఆమె నమ్మలేదు. చిక్కం నేనే కట్టానని కూడా చెప్పాను. ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

కర్మలు ముగిసిన మర్నాడు, కుక్కను వీధిలో ఉంచకూడదని అర్జీ వచ్చింది. పదహారు ఇళ్ళలో పద్నాలుగు సంతకాలు. అందులో అన్నం మాట ఎక్కడా లేదు, "ప్రమాదకరమైన జాతి" అని మాత్రం మూడుచోట్ల ఉంది. ఈ వీధికి వచ్చిన నాలుగేళ్ళలో అది ఎవరిని కరిచిందని, అర్జీ తెచ్చినాయన్ను అడిగాను.

"కరిసినాక రాయాల్నా, టీచరమ్మా?" అన్నాడు.

కుక్కనైనా పంపండి, ఇల్లైనా ఖాళీ చేయండి అన్నాడు ఇంటి యజమాని. నెలలో తొమ్మిది ఇళ్ళు చూశాను. కుక్క ఉందంటే నలుగురు సరేనన్నారు. ఫొటో చూపించాక ఆ నలుగురూ కాదన్నారు. చివరికి రేణిగుంటలో ఒక గోడౌన్ కాపలాదారు తీసుకుంటానన్నాడు. వాళ్ళ ఓనరుకు ఈ జాతే కావాలట, జనం భయపడతారని.

ప్రతి ఆదివారం బస్సులో వెళ్ళి చూసి వచ్చేదాన్ని. రెండు మూరల గొలుసు, రేకుల నీడ. మూడో ఆదివారం కాపలాదారు చెప్పాడు, ఇది ఎవరొచ్చినా చేతులు నాకుతోందని, కడుపు మాడితే కోపం వస్తుందని ఓనరు దాని తిండి ఒంటిపూట చేయించాడని. నా కుక్కను నాకు ఇచ్చేయమన్నాను.

"యాడికి తీసకపోతావు, పెద్దమ్మా?" అన్నాడు. ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగాడు.

తీసుకెళ్ళడానికి చోటు లేదు. తెచ్చిన పెరుగన్నం పెట్టి వచ్చేశాను. ఎనిమిదో ఆదివారం వెళ్ళేసరికి గొలుసు ఒక్కటే ఉంది. గురువారం ప్రాణం పోయిందట.

నా దగ్గర ఉన్నప్పుడు నలభై రెండు కిలోలు. ఏడో ఆదివారం గోడౌన్ కాటా మీద నిలబెడితే ఇరవై ఏడు. వయసు ఆరేళ్ళ రెండు నెలలు. ఎదురింటామె భర్తకు యాభై మూడేళ్ళు. పెట్టకుండా మిగిలిన శనివారాలు ఏడు. ఆమె నాతో మాట్లాడక ఏడాది మూడు నెలలు. కుక్క కరిచినవాళ్ళు ఎవరూ లేరు.