గొడ్ల కొట్టంలో చల్లని అణువులు

పరికరం పెట్టే ముందు నింపే కాగితంలో ‘నేల కింద ఏముందో ఇంటివారిని అడగవలెను’ అన్న వరుసను ఎవరు చేర్చారని, ప్రయోగశాలలో కొత్తగా చేరిన అమ్మాయి ఈ ఉదయం నన్ను అడిగింది. నేనేనని చెప్పలేదు. జ్ఞాపకాలు రాయడానికి తల నెరవాలంటారు గానీ, నాకు ఒక్క బోరు సరిపోయింది.

అప్పుడు నేను ఇంకా చదువుతున్నాను. మా సారు తయారు చేయించిన పరికరంలో రుబీడియం అణువుల గుంపును లేజర్లతో, ఆపై ఇంకా ఏవో తంటాలతో, కదలికను దాదాపు మరిచిపోయేంత చల్లబరిస్తే, లక్షల అణువులూ ఒకే అలలా నడిచేవి; ఆ అలను కిందికి వదిలి, దారిలో రెండుగా చీల్చి, మళ్ళీ కలిపితే భూమి దాన్ని ఎంత బలంగా లాగిందో తెలిసేది. నేల కింద నీళ్ళు పెరిగితే ఆ లాగుడూ వెంట్రుకవాసి పెరుగుతుంది. లక్షల అణువులు ఒక్క మాట మీద నడుస్తాయంటే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. అక్కడ ఇద్దరు అన్నదమ్ములే నడవలేదు మరి.

కుందుర్పి దగ్గర మా ఊళ్ళో గోడకు ఇటు నాయన, అటు పెదనాయన, మధ్యలో ఏళ్ళ తరబడి మౌనం. నాయన చీనీ తోట, అదే బత్తాయి తోట, ఎండుతోంది, ఉన్న బోరు ఎప్పుడో చచ్చింది. అదరని గట్టి నేల కావాలని నేను పరికరాన్ని పెదనాయన గొడ్ల కొట్టంలో పెట్టాను. ఆయన ఒప్పుకున్నది నా మీద ప్రేమతో కాదు, నాయనకు ఒళ్ళు మండుతుందని.

“ఏమప్పా, కొబ్బరికాయ పట్టుకొని నీళ్ళు చూసేటోడు ఒక పూటలో చెప్తాడే, నీ పెట్టెకు పదిదినాలా?” అన్నాడు పెదనాయన.

పది రోజుల తర్వాత మళ్ళీ కొలిస్తే, చినుకు పడకుండానే లాగుడు పెరిగింది. కారణం తేలేదాకా ఎవరికీ చెప్పొద్దని సారు ఫోనులో అన్నారు. ఆ ఫోను పెట్టేసిన మరుక్షణమే, కింద నీళ్ళు ఊరుతున్నాయని నాయనకు చెప్పేశాను. మూడో రోజుకు గోడకు ఇవతల బోరు లారీ నిలబడింది. సాయంత్రం దాకా తెల్లటి రాతిదుమ్ము తప్ప ఏమీ రాలేదు. పెదనాయన గోడ మీద మోచేతులు ఆనించి అంతా చూశాడు. లారీ వెళ్ళాక నన్ను కొట్టంలోకి పిలిచి, పేడతో అలికిన బండను కాలితో తట్టాడు.

“దీని కింద తొట్టి ఉండాది. నీ పెట్టె పెట్టినాక, మీ నాయన సంతకు పోయిన దినం ట్యాంకరు నీళ్ళు పోయించినా.”

“ముందే చెప్పొచ్చు కదా పెదనాయనా?”

“చెప్తే ఊరంతా బిందెలెత్తుకొని రాదా? నీళ్ళుండాయని యాడన్నా చెప్పుకుంటారా?”

మా వైపు పద్ధతే అంత: తొట్టి మీద బండలు పరిచి, పేడ అలికి, పైన గొడ్లను కట్టేస్తారు. అణువులు తప్పేమీ చెప్పలేదు, నీళ్ళున్నాయన్నాయి, ఉన్నాయి. ఎవరివో చెప్పడం వాటికి చేతకాదు.

నాయనకు చెప్పాను. నన్ను తిట్టలేదు, తిట్టి ఉంటే బాగుండేది. గోడ దగ్గరికి వెళ్ళి, ఇన్నేళ్ళకు అన్నతో మాట్లాడాడు.

“అడిగింటే నాలుగు బిందెలు ఇచ్చేటోనివా?”

“నువ్వు అడిగింటే కదా,” అన్నాడు పెదనాయన.

ఆ వేసవిలోనే నాయన చెట్లు నరికించాడు. పరికరం ఇప్పుడు చిన్నదై జీపులో పడుతుంది, కొలతలు మరింత పదునెక్కాయి. చీనీ పూతకొచ్చిన రోజుల్లో ఆ వాసన గోడ దాటి పెదనాయన పంచదాకా వెళ్ళేది. ఇప్పుడు రెండు ఇళ్ళలోనూ ఎండిన మట్టి వాసనే.