వెయ్యితో భాగించినా

మొన్న బేస్తవారం పొద్దుగాల నిజామాబాద్ దవాఖానల మా తమ్ముడు పోయిండు. బోధన్ జూనియర్ కాలేజీల ఏండ్ల తరబడి కెమిస్ట్రీ చెప్పినోడు. నాకన్న ఏడేండ్లు చిన్న. బువ్వ కాడ గూడ నాకన్న ముందు కంచంల చెయ్యి పెట్టనోడు, దీంట్ల మాత్రం ఆగలే.

జేబుల సుద్దముక్క లేంది గడప దాటేటోడు కాదు. వాడి పెండ్లి ఫొటోల గూడ జేబు తెల్లగనే ఉన్నది.

పిల్లలు వాణ్ని "వెయ్యి సార్" అనేటోళ్లు. రసాయన చర్యల వేడి లెక్క కిలోజౌల్స్‌ల ఉంటది, ఎంట్రోపీ జౌల్స్‌ల ఉంటది. ఎంట్రోపీని ఉష్ణోగ్రతతో గుణించి, వెయ్యితో భాగించి, వేడిలోంచి తీసెయ్యాలె. మిగిలింది మైనస్ అయితే ఆ చర్య తనంతట తానే జరుగుతది. సగం క్లాసు ఆ వెయ్యి మర్చిపోయేది. అందుకే ముందుగాల బోర్డు మూలకు "వెయ్యి" అని రాసి చుట్టూ గీత గీసేటోడు. తెలుగు టీచర్ని, నాకే కంఠతా వచ్చింది. వాడి క్లాసు పిల్లలకు రాలే.

ఎనభైలల్ల ఒక ఏడు ఎడపల్లిల మా చెరకు కొట్టినంక, తొవ్వల కల్వర్టు కుంగి చక్కెర ఫ్యాక్టరీకి పోయే బండ్లు ఆగినయి. కొట్టిన చెరకు నిలవుంటే అందుల చక్కెర తనంతట తానే విరుగుతది, ఇగ పలుకు కట్టదు.

"కెమిస్ట్రీ సార్‌వి గద, ఏదన్న చెయ్యి" అన్న.

కుప్ప మీద కూసొని ఫ్యాక్టరోళ్లిచ్చిన కటింగ్ ఆర్డరు కాయితం వెనక లెక్క చేసిండు. మొఖం పాలిపోయింది.

"అక్కా, మస్తు పెద్ద మైనస్!"

"వెయ్యితో భాగించినవా?"

చూసుకున్నడు. చెవులు ఎర్రగైనయి. అక్క చెరకనంగనే వెయ్యి సారే వెయ్యి మర్చిపోయిండు.

"ఉండు, మీ కాలేజీల చెప్త" అన్న నవ్వుకుంట.

మళ్ల భాగించిండు. "అంకె తగ్గింది గని గుర్తు మారలే అక్కా."

"మరెట్ల ఆపాలె?"

"ఆపలేం. నిదానం చేయొచ్చు. ఆకు కప్పి నీళ్లు చల్లుదాం."

నాలుగు రోజులు కాలేజీ కాంగనే సైకిల్ మీద వచ్చి, ప్యాంటు మడిచి బిందెలు మోసిండు. బండ్లు కదిలేనాటికి కుప్పంత పులిసిన వాసన.

పోయిన ఏడు వాడి కాలేయం పాడైందన్నరు. సుక్క మందు ముట్టనోడికి కాలేయమెట్ల చెడిందని అడిగితే డాక్టర్లు గోడ గడియారం దిక్కు చూసిండ్రు. పథ్యాలు వండిన, మొక్కులు మొక్కిన, డాక్టర్లను తిట్టిన. తిట్టుడొక్కటే నాకు మంచిగ వచ్చిన పని.

ఒకనాడు ఉండబట్టలేక అడిగిన: "నీ లెక్కల ఎన్ని రోజులని వస్తదిరా?"

"జరుగుతదా లేదా, అంతవరకే ఆ లెక్క. ఎప్పుడో చెప్పదు. గీ ముచ్చట క్లాసుల చెప్పీ చెప్పీ గొంతు పోయింది. ఇంట్ల నువ్వొకదానివి మిగిలినవ్."

బేస్తవారం నర్సమ్మ వచ్చి, "అవ్వా, ఇగ చెయ్యి ఇడువు" అన్నది. "ఇంకొంచెం సేపు" అన్న. వాడి చెయ్యి నా రెండు చేతుల నడుమ పెట్టుకొని రుద్దుతనే ఉన్న. నా చేతులు సల్లబడ్డయి గని, వాడిది వేడెక్కలే.