బావ చెప్పిన డాక్టరు

మోకాళ్ళ నొప్పులకని మొన్న విశాఖపట్నంలో ఒక ఆసుపత్రికి వెళితే, చీట్లు రాసే చోట ఆడవాళ్ళ లైనుకూ మగవాళ్ళ లైనుకూ పక్కన మా ట్రాన్స్‌జెండర్లకని వేరే కిటికీ పెట్టారు. కిటికీలో అమ్మాయి "కూర్చోండమ్మా, పిలుస్తాను" అంది. ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండిపోయింది. పాపం, ఆ పిల్ల తప్పేమీ లేదు.

నేను ఇల్లు వదిలి చీర కట్టుకున్న కొత్తలో తగరపువలసలో మా గురువు పంచన చేరాను. గురువంటే మాకు కన్నతల్లి కింద లెక్క, అమ్మా అనే పిలిచేదాన్ని. ఆవిడ చెయ్యి మంచిదని చుట్టుపక్కల పేరు. కొత్త కొట్టు తెరిచినా, ఆటో కొన్నా, చంటిపిల్లను ఉయ్యాల్లో వేసినా ఆవిడ వచ్చి దిష్టి తీయాల్సిందే. మా మేనమామ కొడుకు, నాకు వరసకు బావ, పల్లెల్లో తిరిగి సూదిమందు వేసే ఆర్‌ఎంపీ. రోడ్డు మీద సొంత క్లినిక్కు పెట్టుకున్న రోజున కబురంపి మరీ మమ్మల్ని పిలిపించుకున్నాడు. అమ్మ గుమ్మడికాయ కొట్టి, వాడి తల మీద చెయ్యి పెట్టి దీవించింది. చుట్టాలంతా నన్ను చూసి మొహం తిప్పుకుంటుంటే, వాడొక్కడే నలుగురిలో నన్ను పలకరించి, "ఒంట్లో బాగోకపోతే నా కాడికొచ్చెయ్యండి, నానున్నాను గదా" అన్నాడు. సొంతవాళ్ళ నోట ఒక్క మంచిమాటకు మొహం వాచిపోయిన రోజులవి, నేనెంత పొంగిపోయానో మన ఈడువాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

మరుసటి వానాకాలంలో అమ్మకు కడుపునొప్పి పట్టుకుంది. పల్లెల్లో మాకు దొరికే వైద్యం సంగతి మీకు తెలిసిందే, మేము కూర్చుంటే పక్కవాళ్ళు లేచిపోతారు, డాక్టరు చెయ్యి వేయకుండానే మాత్రలు రాసి పంపేస్తాడు. అందుకే ఇంకో ఆలోచన లేకుండా బావ దగ్గరికే తీసుకెళ్ళాను. లోపలికి రమ్మనలేదు, చెయ్యి పట్టుకుని చూడనూ లేదు, గుమ్మం దగ్గరే నిలబెట్టి మాట్లాడాడు, అయితే ఎంత ప్రేమగా మాట్లాడాడనీ. ఇది తనవల్ల అయ్యేది కాదనీ, పట్నం ఆసుపత్రిలో తనకు తెలిసిన పెద్ద డాక్టరున్నాడనీ, ఫోన్ చేసి అన్నీ చెప్పేశాననీ అన్నాడు. "ఆడోళ్ళ లైన్లో నిలబడితే ఆళ్ళు గోల సేత్తారు, మగోళ్ళ లైన్లో నిలబడితే ఈళ్ళు ఏడిపిత్తారు, మీకెందుకా బాధ? వరండాలో బల్ల మీద కూకోండి, మనోడే వచ్చి లోపలికి తీసికెల్తాడు."

బస్సులో అమ్మను ఒళ్ళో పడుకోబెట్టుకుని వెళ్ళాను, వెళ్ళి ఆ బల్ల మీదే కూర్చున్నాం. తెల్లకోటు కనిపిస్తే చాలు, లేచి నిలబడేదాన్ని. ఎవరూ మావైపు చూడకపోయేసరికి, పోనీ నేనే వెళ్ళి లైన్లో నిలబడతానంటే అమ్మ నా కొంగు పట్టుకుని ఆపింది. "మీ బావ సెప్పేడు గదే. ఆ డాక్టరొచ్చేసరికి మనం ఇక్కడ లేపోతే మీ బావకి మాటొత్తాది, కూకో" అంది. నొప్పితో మెలికలు తిరిగిపోతూ కూడా వాడి పరువు గురించే ఆలోచించింది, పిచ్చితల్లి. చివరికి చీట్లు రాసే కిటికీ మూసేశారు. అప్పుడు కాళ్ళావేళ్ళా పడితే లోపలికి తీసుకెళ్ళి చూసి, పేగు పగిలిపోయిందనీ, పొద్దున్నే తెచ్చుంటే ఆపరేషన్ చేసేవాళ్ళమనీ అన్నారు. మేము పొద్దున్నే వచ్చి ఆ బల్ల మీద కూర్చున్నాం. ఆ సాయంత్రమే అమ్మ పోయింది.

కర్మకాండలయ్యాక మా అత్త, అంటే ఆ బావను కన్నతల్లి, నన్ను చూసి జాలిపడి అసలు సంగతి చెప్పేసింది. వాడికి ఆ ఆసుపత్రిలో డాక్టరు కాదు కదా, గేటు దగ్గర కాపలావాడు కూడా తెలియడట. క్లినిక్కు ముందు మమ్మల్ని చూసి పేషెంట్లు వెనక్కి తిరిగిపోతున్నారని, రభస లేకుండా అలా సాగనంపాడట. నమ్మలేక, వెళ్ళి వాణ్ణే అడిగాను. తల దించుకోలేదు సరికదా, "మరేటి సెయ్యమంటావు? రావొద్దంటే నువ్వు బాధపడతావని అలాగన్నాను" అన్నాడు. ఇంటికొచ్చి, అమ్మ పడుకునే చాప మీద కూర్చుని, నోరారా తిట్టుకున్నాను వాణ్ణి, ఇవాళ్టికీ తిట్టుకుంటున్నాను.

రోజులు మారిన మాట నిజమే. ఇప్పటి మా పిల్లలు దర్జాగా వెళ్ళి డాక్టరు ఎదురుగా కుర్చీలో కూర్చుంటారు, చెయ్యి వేసి చూడకపోతే ఎందుకు చూడవని నిలదీస్తారు కూడా. పల్లెల్లో మొహం మీదే పొమ్మనేవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళంటే నాకు అంత కోపం రాదంటే మీరు నమ్మకపోవచ్చు. పొమ్మంటే ఇంకో గుమ్మం వెతుక్కుంటాం. బావ కూడా ఆ రోజు పొమ్మనే ఉంటే, నేను ఏడ్చుకుంటూనైనా వెళ్ళి, తిట్లు తింటూనైనా, ఏదో ఒక లైన్లో నిలబడి ఉండేదాన్ని.