గోడమ్మ టేపు ముక్క

ఆవిడ అసలు పేరు వర్క్‌షాపులో ఎవరికీ గుర్తులేదు. యజమానికైనా గుర్తుందో లేదో అనుమానమే. అందరికీ ఆవిడ గోడమ్మ. ఇరవై ఆరేళ్లుగా రోడ్డుకు అవతలి ఇటుక గోడకు ఫోటోలు తీస్తూ కూర్చున్న మనిషిని ఇంకేమని పిలుస్తారు?

నవ్వకండి. ఆ గోడ ఫోటో లేనిదే ఆ మూడో అంతస్తు గడప దాటి ఒక్క లెన్సు కూడా బయటికి పోయేది కాదు. ఆటల మైదానాల్లో, అడవుల్లో వాడే పొడుగాటి టెలిఫోటో లెన్సులు కిందపడి దెబ్బతింటే అక్కడికే వచ్చేవి. లోపలి గాజులను వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపి సరిచేయడం గోడమ్మ పని. సరిచేశాక లెన్సును కిటికీ దగ్గర స్టాండుకు బిగించి ఎదురు గోడను ఫోటో తీసేది. ఇటుకల మధ్య సున్నం గీతలు నాలుగు మూలల్లోనూ కత్తితో గీసినట్టు కనబడితేనే ఆ ఫోటో వెనక సంతకం పెట్టి, లెన్సుతోపాటు పెట్టెలో వేసేది. లెన్సు తీసుకోవడానికి వచ్చినవాళ్లు ముందు ఆ సంతకమే వెతుక్కునేవారు.

అక్కడ ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. ఈ లెన్సుల కడుపులో స్టెబిలైజర్ అని ఒకటుంటుంది. చేయి ఎటు వణికితే దానికి ఎదురు కదిలి బొమ్మను నిలబెట్టే చిన్న గాజుబిళ్ల అది. చేత్తో తీసేటప్పుడు దేవుడిలాంటిదే. స్టాండు మీద పెట్టినప్పుడు మాత్రం, ముఖ్యంగా పాత లెన్సుల్లో, దాన్ని ఆపెయ్యాలి. లేకపోతే లేని వణుకును వెతుక్కుంటూ అదే వణికి బొమ్మను పాడుచేస్తుంది. అందుకని గోడమ్మ స్విచ్ ఆఫ్ చేసి, దానిమీద నల్లటేపు ముక్క అంటించేది. టేపు ఉందంటే ఆఫ్‌లో ఉన్నట్టే. మళ్లీ విప్పి చూసే పని ఎవరూ పెట్టుకునేవారు కాదు.

పక్క బెంచీ మీద ఆవిడ మరిది పనిచేసేవాడు. అత్తగారు పోయేనాటికి అతనికి తొమ్మిదేళ్లు. అన్నం కలిపి పెట్టింది, బడికి పంపింది, తర్వాత స్క్రూడ్రైవర్ పట్టుకోవడం నుంచి గాజు తుడవడం దాకా తన విద్యంతా నేర్పింది గోడమ్మే. చిన్నప్పుడు పుస్తకాలకు అట్టలేసుకుంటూ టేపు కొస దొరక్క ఏడ్చేవాడు. అప్పటినుంచి ప్రతి టేపు ముక్క కొసనూ లోపలికి మడిచే అలవాటు పడింది. "నీ టేపుకు కూడా తోకుంటుందిరా" అని ఆవిడ ఆటపట్టించేది. ఆవిడ మాత్రం కత్తెరతో నున్నగా కత్తిరించి అంటించేది.

ఆ ఏడాది లెన్సుల కంపెనీవాళ్లు కొత్త నియమం పెట్టారు. ప్రతి వర్క్‌షాపులో ఒక్కరి సంతకమే చెల్లుతుంది, ఆ ఒక్కరినీ తామే పరీక్షిస్తామన్నారు. ముందు గోడమ్మ, ఆవిడ నెగ్గకపోతే మరిది. నెగ్గకపోవడం అన్న మాటకు వర్క్‌షాపంతా పకపకా నవ్వింది.

పరీక్షరోజు గోడమ్మ వర్క్‌షాపుదే అయిన ఒక పాత పెద్ద లెన్సును సరిచేసి, స్టాండుకు బిగించి, స్విచ్ ఆపి టేపు అంటించింది. పరీక్షకుడు వచ్చాడంటే ముందుగదిలోకి వెళ్లి పలకరించి వచ్చింది. వచ్చేసరికి మరిది దుమ్ము ఊదే గాలి కంప్రెసర్ ఆన్ చేసి పెట్టాడు, గదంతా దాని హోరు. "దుమ్ముంది వదినా, ఐదు నిమిషాలు" అన్నాడు. ఐదు నిమిషాలు కాస్తా గంటయింది.

మొదటి ఫోటోలో ఇటుకలు మసకగా వచ్చాయి. గోడమ్మ గాజు మళ్లీ జరిపింది. రెండోది అంతకంటే మసక. కెమెరా అద్దంలోంచి చూస్తే అంతా సరిగ్గానే ఉంది, ఫోటోలో మాత్రం లేదు. లెన్సు తప్పు కాకపోతే ఇక మిగిలింది చూసే కన్నే కదా! గంట తిరిగేసరికి చెమటలు కారిపోతూ ఆవిడే లేచి నిలబడింది.

"నా కన్ను పోయినట్టుందండీ" అంది పరీక్షకుడితో.

మరిది ఫోటోలు మర్నాడు వేరే లెన్సుతో అద్దంలా వచ్చాయి. గోడమ్మ తన చేత్తోనే అతన్ని తన బెంచీ మీద కూర్చోబెట్టి, తల నిమిరి వచ్చింది. పరీక్ష ముగిసిన వెంటనే పెట్టెలో పెట్టి తాళం వేసిన ఆ పాత లెన్సునే యజమాని జ్ఞాపకంగా ఇచ్చాడు. ఇంట్లో బీరువా మీదికెక్కించింది గానీ ఆ పెట్టె మూత తీయడానికి మనసొప్పలేదు.

తర్వాత ఎనిమిది నెలలు ఆవిడ బతుకు చూడాలి. సూదిలో దారం ఎక్కించడం మానేసింది. గుండీ కుట్టాలన్నా మొగుడినే పిలిచేది. స్కూటర్ అమ్మేసింది. మెట్టు దిగేముందు కాలితో తడిమేది. రోడ్డు దాటాలంటే గుండె దడ. గురువారం గురువారం మరిది వచ్చి చేయి పట్టుకుని అవతలి వీధి పార్కు దాకా తీసుకెళ్లేవాడు. వస్తూ వస్తూ గోడ ఫోటోల కట్ట తెచ్చేవాడు.

"పాతవాళ్లు నీ సంతకమే అడుగుతున్నారు వదినా. నాతోపాటు నువ్వూ ఒక గీత గీసెయ్" అనేవాడు.

ఫోటో సరిగ్గా ఉందో లేదో తనకు కనబడదనుకుని, అతని మాట మీదే సంతకం పెట్టేది.

చివరికి మొగుడి పోరు పడలేక కళ్ల డాక్టరు దగ్గరకు వెళ్లింది. డాక్టరమ్మ మూడు యంత్రాల్లో చూసి, కింది వరస చిన్న అక్షరాలు చదివించి, "మీ వయసుకు ఇంత మంచి కళ్లు నేను చూడలేదు. ఎవరన్నారండీ పోయాయని?" అంది.

"ఎవరూ అనలేదు. నేనే" అంది గోడమ్మ.

ఇంటికి రాగానే పెట్టె దింపించి మూత తీసింది. లెన్సు ఆనాడు ఎలా ఉందో అలాగే ఉంది. స్విచ్ మీద నల్లటేపు ముక్క. దాని కొస లోపలికి మడిచి ఉంది.

గోటితో సగం లేపి చూసింది. స్విచ్ ఆన్‌లో ఉంది. స్టెబిలైజర్ నడుస్తుంటే సన్నగా రొద వస్తుంది, తన చెవికది అందకుండా పోదు. కంప్రెసర్ ఎందుకు వేశాడో అప్పుడు తెలిసింది.

గురువారం మరిది వచ్చాడు. "వదినా, ఈసారి పదిహేనే" అంటూ కట్ట బల్లమీద పెట్టబోయి, అక్కడున్న లెన్సును చూశాడు. టేపు తోకను చూశాడు.

"యజమానికి చెప్పావా?" అన్నాడు.

అతని నోట వచ్చిన మొదటి మాట అది.

"ఇంకా లేదు."

అతని భుజాలు కిందికి దిగాయి. ఊపిరి పీల్చుకున్నాడని ఆవిడకు స్పష్టంగా కనబడింది.

"పన్నెండేళ్లు వదినా. పని నేను చేసినా సంతకం నీదే. ఇంకెన్నాళ్లు పక్క బెంచీలో కూర్చోవాలి?"

"అడిగితే లేచేదాన్ని కదరా."

"లేచేదానివా?"

నిజంగానే లేచేదో లేదో గోడమ్మకే తెలియదు. ఆవిడ ముఖంలో అది చూసి అతనికి కాస్త బలమొచ్చినట్టుంది. కుర్చీ లాక్కుని కూర్చోబోయాడు.

"కూర్చోకు" అంది. "బెంచీ పోయిందని కాదురా నా ఏడుపు. ఎనిమిది నెలలు నా కళ్లను నేనే నమ్మలేదు. గుడ్డిదాన్నయిపోతున్నానని రాత్రీ పగలూ చచ్చాను. రోడ్డు దాటడానికి నీ చెయ్యి పట్టుకున్నాను. నువ్వు పట్టుకోనిచ్చావు."

ఆవిడ కట్టలోంచి పైఫోటో తీసి వెలుతురుకు పెట్టి చూసింది.

"కింద ఎడమ మూల తేలిపోయింది. ఇదా నువ్వు గడప దాటిస్తున్నది? నా సంతకంతోనా?"

కట్ట అతని చేతుల్లో పెట్టేసింది. లెన్సును టేపుతో సహా పెట్టెలో పెట్టి, చంకకెత్తుకుని, చెప్పులేసుకుంది. అతను వెనకాలే మెట్లు దిగాడు.

"ఎక్కడికి వదినా?"

"వర్క్‌షాపుకు."

రోడ్డు మీద బస్సులు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. ఎనిమిది నెలల అలవాటుకొద్దీ అతను చెయ్యి చాపాడు. గోడమ్మ అటూ ఇటూ చూసింది. దూరంగా వస్తున్న బస్సు అద్దం మీది అంకెలను చదివింది. ఇంకా టైముందనుకుని ఒక్కతే రోడ్డు దాటింది.